పని నడిపే విద్య

నిధులు చేతిలో ఉన్నా గడువు తప్పుతున్న స్వచ్ఛంద సంస్థలు ఒకవైపు. పట్టా చేతిలో ఉన్నా ‘అనుభవం లేదు’ అనిపించుకుంటున్న యువత మరోవైపు. ఈ ఇద్దరికీ కావలసిన చదువు ఒక్కటే: ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. దాన్ని తెలుగులో, నిజమైన పని మీద నేర్పితే ఏమవుతుంది?

యాసంగి కోతలు మొదలవగానే తెలంగాణ పల్లెల్లో ఐకేపీ సెంటర్లు తెరుచుకుంటాయి. మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రాలవి. రోడ్డు మీద పోయేవారికి వడ్ల కుప్పలు, కాంటా, ఓ లారీ కనిపిస్తాయి. ఆ సెంటర్ బాధ్యత తీసుకున్న మహిళకు మాత్రం కనిపించేది వేరు. గోనె సంచులు ముందే రావాలి. తేమ మీటరు, ప్యాడీ క్లీనర్, టార్పాలిన్లు సిద్ధంగా ఉండాలి. తేమ 17 శాతం దాటితే కొనడానికి వీల్లేదు. ఇంకా ఆరబెట్టమని రైతుకు చెప్పాలి, చెప్పి ఒప్పించాలి. ఎవరి కుప్ప ముందు తూకానికి రావాలో వరుస పెట్టాలి. హమాలీలు రాకపోతే తూకం ఆగుతుంది. లారీ రాకపోతే తూకమేసిన బస్తాలు కదలవు. మిల్లులో దించుకోవడం ఆలస్యమైతే వెళ్లిన లారీ తిరిగి రాదు. ఈలోగా ఆకాశం మబ్బు పడితే అన్నీ వదిలేసి కుప్పల మీద కవర్లు కప్పాలి. వివరాలన్నీ ఎక్కించి, రైతు ఖాతాలో డబ్బు పడేదాకా ఆమె పని అయిపోయినట్టు కాదు.

సీజన్ తర్వాత అదే మహిళను ఉద్యోగ దరఖాస్తు నింపమనండి. అనుభవం అనే గడిలో ఏం రాయాలో తెలియక ‘గృహిణి’ అని రాస్తుంది.

వనరులు సమకూర్చుకోవడం, పనుల వరుస తేల్చడం, ఎక్కడ ఆగిపోతుందో ముందే పసిగట్టడం, పది రకాల మనుషులతో మాట్లాడి ఒప్పించడం, గడువులోగా ముగించి లెక్క అప్పజెప్పడం. పెద్ద కంపెనీల్లో ఈ పనికి ప్రాజెక్ట్ మేనేజర్ అనే హోదా ఉంది, మంచి జీతం ఉంది, దేశదేశాల్లో చెల్లే సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆమె దగ్గర ఉన్నది చేసి చూపిన పని. లేనిది ఆ పనిని పేరుపెట్టి చెప్పే తీరు, తర్వాతిసారి ఇంకా మెరుగ్గా చేసే పద్ధతి. ఈ రెండూ నేర్పదగినవే. పెద్ద ఖర్చు లేకుండా, తెలుగులోనే నేర్పవచ్చు. మన స్వచ్ఛంద రంగంలోనూ ఉపాధి శిక్షణలోనూ అందరికన్నా వెనక బెంచీలో కూర్చున్న సబ్జెక్టు ఇదే కావడం బాధ కలిగిస్తుంది.

మార్చిలో చెక్కు, జూన్‌లో బడి

కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. చట్టం చెప్పిన స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అప్పటివరకు చిన్న విరాళాలతో, విదేశీ నిధులతో నడిచిన ఎన్నో సంస్థలకు కొత్త తలుపు తెరుచుకుంది. 2021 జనవరిలో నిబంధనలు బిగుసుకున్నాయి. నిధులు తీసుకునే సంస్థ ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టులో ఖర్చుకాని సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేయాలి, మూడేళ్లలో వాడేయాలి. సామాజిక బాధ్యత కింద 10 కోట్లు, అంతకు మించి ఖర్చు చేయాల్సిన కంపెనీలైతే, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల ఫలితాన్ని బయటి సంస్థతో మదింపు చేయించాలి.

ఇవన్నీ న్యాయమైన నిబంధనలే. కానీ వీటిని తట్టుకోవాలంటే సంస్థలో ఎవరో ఒకరికి పని నడిపే విద్య రావాలి. అదే కొరవడింది. మన సంస్థలు చాలావరకు ఒక మనిషి ఆవేదనలోంచి పుట్టినవి. దేవదాసీ వ్యవస్థ మీద, బాలకార్మికుల మీద, ఫ్లోరైడ్ నీళ్ల మీద కడుపు మండిన మనిషి నలుగురిని పోగేసి మొదలుపెట్టినవి. ఆ మనిషికి జనం తెలుసు, ఊరు తెలుసు, సమస్య వేళ్లదాకా తెలుసు. మూడేళ్ల బడ్జెట్‌ను త్రైమాసికాలుగా విడగొట్టి, ఏ నెలలో ఏ పని ఆగితే మిగతావన్నీ ఆగుతాయో లెక్కగట్టడం ఎవరూ నేర్పలేదు. అందులో ఆ మనిషి తప్పేమీ లేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఐదు ప్రభుత్వ హైస్కూళ్లలో బాలికలకు మరుగుదొడ్లు కట్టడానికి ఓ చిన్న సంస్థకు నిధులు వచ్చాయి. చెక్కు మార్చిలో చేతికందింది. బడులు జూన్ 12న తెరుస్తారు. మూడు నెలలుంది కదా అనిపిస్తుంది. నిజానికి అంత లేదు. మార్చి, ఏప్రిల్ పరీక్షల కాలం. బడి ఆవరణలో తవ్వకాలు మొదలుపెట్టలేరు. పని చేయగలిగింది ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకానే. ఆ ఆరు వారాల్లోనే పునాది తీయాలి, గోడలు లేపాలి, స్లాబు వేయాలి, దాన్ని రోజుల తరబడి తడపాలి, పైపులు బిగించాలి. అదే కాలంలో పెళ్లిళ్లు. మేస్త్రీలు, కూలీలు దొరకరు. మే నెలలో బోరులో నీళ్లు పాతాళంలో ఉంటాయి. స్లాబు తడపడానికే నీళ్ల ట్యాంకర్ కావాలి. జిల్లా విద్యాశాఖ అనుమతి కాగితం రెండు వారాలు ఆలస్యమైతే మొత్తం లెక్క తారుమారవుతుంది.

అనుమతి, సామగ్రి, పునాది, స్లాబు, పైపులు. ఇది ఒకదాని వెనక ఒకటి నడవాల్సిన గొలుసు. ఇందులో ఏ ఒక్కటి వారం వెనక్కి జరిగినా ప్రారంభం వారం వెనక్కి జరుగుతుంది. గోడ మీద రాయాల్సిన నినాదాలు, ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలన్న చర్చ ఈ గొలుసులో లేవు. అవి ఎప్పుడైనా చేసుకోవచ్చు. కానీ చాలా సమావేశాల్లో ఎక్కువ సమయం పోయేది వాటికే. ఏ పని గొలుసులో ఉంది, ఏది పక్కన ఉంది అన్నది చూడగలిగితే, ఫిబ్రవరిలోనే అనుమతి దరఖాస్తు పెట్టేవారు. మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చి ఉంచేవారు.

కట్టడం పూర్తయినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు? శుభ్రం చేసే ఆయా జీతం ఎక్కడిది? ఈ రెండింటికీ జవాబు ప్రపోజల్‌లోనే రాసుకోకపోతే, ఏడాది తిరక్కుండా ఆ మరుగుదొడ్లకు తాళం పడుతుంది. దాత ఫొటోలు చూసి సంతోషిస్తాడు, సంస్థ యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది, ఆడపిల్లలు మాత్రం సాయంత్రం ఇల్లు చేరేదాకా ఓర్చుకుంటారు. పద్ధతి లేకపోవడం వల్ల జరిగే నష్టం ఆఫీసు ఫైళ్లలో ఉండిపోదు. చివరికి ఇలా ఒక పిల్ల ఒంటి మీద పడుతుంది.

ఎక్కడి నుంచి వచ్చిందీ పద్ధతి

పనులను కాలం గీత మీద అడ్డుపట్టీలుగా గీసి చూపే పటాన్ని ప్రపంచం గాంట్ చార్ట్ అంటుంది. 1910ల్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ ఇంజినీర్ హెన్రీ గాంట్ పేరది. అంతకుముందే, 1896లో, పోలండ్‌కు చెందిన కరోల్ అడమియెత్స్‌కి అలాంటిదే ఒకటి తయారుచేశాడు. దాన్ని హార్మోనోగ్రామ్ అన్నాడు. ఆయన రాసింది పోలిష్, రష్యన్ భాషల్లో. ఇంగ్లిష్ చదివే ప్రపంచానికి అది చాలాకాలం తెలియలేదు. ఏ భాషలో రాశారన్నదాన్ని బట్టి జ్ఞానం ఎంతమందికి చేరుతుందో మారుతుందనడానికి ఈ రంగంలోనే ఇంత పాత సాక్ష్యం ఉంది.

ఇందాక చెప్పుకున్న పనుల గొలుసు లెక్క 1957లో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన కంపెనీలో పుట్టింది. మరుసటేడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం దాదాపు అలాంటి లెక్కనే వేరేగా రూపొందించుకుంది. 1969లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది, 1984 నుంచి పీఎంపీ అనే పరీక్ష నడుపుతోంది. ఫ్యాక్టరీలో, నౌకాదళంలో పుట్టిన విద్య కాబట్టి అది కంపెనీల సొత్తు అన్న భావన స్థిరపడిపోయింది.

అయితే అదే 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం ‘లాగ్‌ఫ్రేమ్’ తయారైంది. నాలుగు నిలువు గడులు, నాలుగు అడ్డం గడుల పట్టిక. మనం చేసే పనులేవి, వాటివల్ల చేతికొచ్చేదేమిటి, దానివల్ల జనం బతుకులో వచ్చే మార్పేమిటి, అది నిజంగా వచ్చిందని ఎలా తెలుస్తుంది అని మెట్లుమెట్లుగా రాసుకోవాలి. చివరి నిలువు గడి పేరు ‘అజంప్షన్స్’. మనం నమ్ముతున్నవి, కానీ మన చేతిలో లేనివి అక్కడ రాయాలి. బోరులో నీళ్లుంటాయని నమ్ముతున్నాం. సర్పంచ్ మారినా కొత్తవాళ్లు సహకరిస్తారని నమ్ముతున్నాం. ఆడపిల్లలు వలస వెళ్లకుండా ఊళ్లోనే ఉంటారని నమ్ముతున్నాం. నా దృష్టిలో మొత్తం పట్టికలో అత్యంత విలువైన గడి అదే. విచారం ఏమిటంటే, మన దగ్గర ఈ పట్టికను హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కూర్చున్న కన్సల్టెంట్ ఇంగ్లిష్‌లో నింపి దాతకు పంపుతాడు. ఆ నమ్మకాల్లో ఏది నిజమో ఏది కాదో చెప్పగలిగిన ఫీల్డ్ కోఆర్డినేటర్ ఆ కాగితం ముఖమే చూసి ఉండడు.

సేవా రంగానికి పనికొచ్చేలా ఈ విద్యను తిరగరాసిన ప్రయత్నమూ ఉంది. అంతర్జాతీయ సేవా సంస్థల చొరవతో ఏర్పడిన పీఎం4ఎన్జీవోస్ అనే సంస్థ, అభివృద్ధి ప్రాజెక్టుల కోసమే ఒక మార్గదర్శిని రూపొందించి ఉచితంగా అందుబాటులో ఉంచింది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ కూడా 1990లో ఒక విద్యా ఫౌండేషన్ పెట్టి యువతకు, సేవా సంస్థలకు ఈ నైపుణ్యాలు చేర్చే పని చేస్తోంది. పుస్తకాలకు కొదవ లేదు. మన జిల్లా కేంద్రంలో, మన భాషలో, మన పని మీద దాన్ని నేర్పే మనిషికే కొదవ.

మన నేలకు కొత్త కాదు

తెలుగు పల్లెకు ఇది అలవిగాని విద్య అనుకునేవారు రెండు సంగతులు గుర్తుచేసుకోవాలి.

మొదటిది వాటర్‌షెడ్. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సూచనలతో 1994లో వచ్చిన మార్గదర్శకాలు, దాదాపు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని నాలుగేళ్లలో అభివృద్ధి చేయాలన్నాయి. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి కరవు జిల్లాల్లో వందల గ్రామాలు ఆ పని చూశాయి. వాటర్‌షెడ్‌లో తప్పనిసరిగా పాటించాల్సిన వరుస ఒకటుంది. పని గుట్ట మీద మొదలై కిందికి దిగాలి. పైన కందకాలు తవ్వి, రాతి కట్టలు వేసి, చెట్లు పెట్టాకే వాగులో చెక్‌డ్యామ్ కట్టాలి. ముందు చెక్‌డ్యామ్ కడితే ఫొటోకు బాగుంటుంది, ఒకట్రెండు వానల్లోనే పైనుంచి కొట్టుకొచ్చిన మట్టితో పూడిపోతుంది. మట్టి పనులన్నీ తొలకరికి ముందే ముగియాలి. ఏది ముందు, ఏది వెనక, ఏ తేదీ దాటితే పని దండగ అన్నది అక్కడి కమిటీ సభ్యులు, రైతులు చేతులారా నేర్చుకున్నారు. ఆ మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చింది మరొకటి ఉంది: నిధుల్లో 5 శాతం శిక్షణకు, మరో 5 శాతం జనాన్ని సంఘటితం చేయడానికి విడిగా కేటాయించారు. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాలు ఇంకో అడుగు వేసి, పని ముగించి సంస్థ ఊరి నుంచి తప్పుకోవడాన్నే ఒక దశగా గుర్తించాయి. ఎలా ముగించాలో మొదటి రోజే ఆలోచించమని చెప్పడం అది.

రెండోది పొదుపు సంఘాలు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1995 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో మొదలైన ప్రయోగం, 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పాటుతో వెలుగు ప్రాజెక్టుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా పాకింది. సంఘానికి నేర్పిన పంచసూత్రాలు మీకు గుర్తుండే ఉంటాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. అక్షరం రాని మహిళ కూడా ఈ ఐదూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలదు. ఏ మేనేజ్‌మెంట్ కాలేజీ కూడా ఇంత చక్కగా ఒక పద్ధతిని జనం నోట నిలపలేదని నా నమ్మకం.

ఆ తర్వాత జరిగింది మరింత గొప్పది. పేదరికం నుంచి సంఘం ద్వారా పైకొచ్చిన మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా, సీఆర్పీలుగా, బిహార్ మొదలుకొని ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్లారు. జట్లుగా బయల్దేరి, ఒక్కో ఊళ్లో రెండేసి వారాలు మకాం వేసి, అక్కడి ఆడవాళ్లతో సంఘాలు పెట్టించి, పుస్తకాలు రాయడం నేర్పి వచ్చారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఈ నమూనాయే వెన్నెముక అయింది. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం మామూలే. నిన్నటిదాకా తనలాగే ఉన్న మనిషి వచ్చి ‘అక్కా, నేను ఇలా చేశాను’ అని చెప్పినప్పుడు ఆ మాటకు వచ్చే బలం వేరు. స్వచ్ఛంద సంస్థలకు పని నడిపే విద్య నేర్పాలనుకునేవారు మొదట చదవాల్సింది ఈ అధ్యాయం.

పెద్దయ్యాక మనుషులు మారతారా అని సందేహించేవారికి కాకినాడ జవాబు చెప్పింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి పది రోజుల శిక్షణ ఇప్పించింది. యూసుఫ్‌గూడలో నేడు నిమ్స్‌మే పేరుతో ఉన్న సంస్థే అది. లక్ష్యం పెట్టుకోవడం, లెక్కవేసి సాహసించడం, ఫలితాన్ని కొలుచుకోవడం ఆ శిక్షణలో ప్రధానం. తర్వాత రెండేళ్లు గమనిస్తే, శిక్షణ పొందనివారికన్నా వీరిలో కొత్త వ్యాపారాలు పెట్టినవారు, మరికొందరికి పని ఇచ్చినవారు ఎక్కువగా కనిపించారు. 1969లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా చర్చకు వచ్చింది.

తరగతి ఎలా ఉండాలి

ప్రొజెక్టర్ పెట్టి స్లైడ్లు చూపించే శిక్షణ వద్దు. దానికి వచ్చినవాళ్లు భోజనం చేసి, ఫైలు, పెన్ను తీసుకుని వెళ్లిపోతారు. ప్రతి సంస్థ నుంచి ముగ్గురు రావాలి: నడిపే మనిషి, ఖాతాలు చూసే మనిషి, ఫీల్డ్‌లో తిరిగే మనిషి. ప్రస్తుతం చేస్తున్న ఒక పనిని వెంట తెచ్చుకోవాలి. శిక్షణ ముగిసేసరికి ఆ పనికి ప్రణాళిక తయారై ఉండాలి.

మొదటి ప్రశ్న: ఏం జరిగితే ఈ పని పూర్తయినట్టు? ముగ్గురూ విడివిడిగా రాయాలి. ఎంత చిన్న సంస్థలోనైనా మూడు కాగితాల మీద మూడు జవాబులు ఉంటాయి. ఒకరు కట్టడం పూర్తవడం అంటారు, ఒకరు సొమ్ము ఖర్చయి సర్టిఫికెట్ వెళ్లడం అంటారు, ఫీల్డ్ మనిషి పిల్లలు వాడటం అంటాడు. ఆ మూడింటినీ ఒకటి చేయడానికి పూట పట్టినా పట్టనివ్వాలి. శిక్షణలో సగం విలువ అక్కడే ఉంది.

తర్వాత చిన్నచిన్న రంగు కాగితాల మీద పనులు రాసి గోడకు అంటించాలి. చివరి తేదీ నుంచి వెనక్కి నడవాలి. ఒక్కో పనికి ఎన్ని రోజులో ఆఫీసులో ఊహించకూడదు, చేసే మేస్త్రీకి ఫోన్ చేసి అడగాలి. ప్రతి కాగితం మీద ఒకే ఒక్క పేరు ఉండాలి. ‘టీమ్’ అని రాసిన కాగితం ఎవరిదీ కాకుండా పోతుంది. ఆపైన, ‘ఏం జరిగితే ఈ పని ఆగిపోతుంది?’ అని అడగాలి. మనవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మొహమాటపడతారు, శుభమా అని మొదలుపెడుతుంటే అపశకునం ఏమిటని. నెమ్మదిగా బయటికొస్తాయి: పాత సర్పంచ్‌కు చెప్పకపోతే అడ్డుపడతాడు, ఆ స్థలం మీద కోర్టు కేసు ఉంది, వీఆర్వో బదిలీ అయ్యాడు. ఫీల్డ్ మనిషికి ఇవన్నీ ముందే తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇక వాట్సాప్. మన సంస్థల ప్రాజెక్టులన్నీ దాదాపు ఆ గ్రూపుల్లోనే నడుస్తున్నాయి. ఫొటోలు, శుభోదయాలు, బిల్లుల మధ్య ఒక ముఖ్య నిర్ణయం కొట్టుకుపోతుంది. ‘గ్రూపులో పెట్టాం కదా’ అని ఒకరు, ‘చూడలేదు’ అని మరొకరు. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నిర్ణయాలు రాసే ఒక నోటు పుస్తకం, అందరూ తెరవగల ఒక గూగుల్ షీట్, వారానికి అరగంట సమావేశం చాలు. ఆ అరగంటలో మూడే మాటలు: ఏం అయింది, ఏది ఆగింది, ఆగినదాన్ని ఎవరు కదిలిస్తారు.

రెండు రోజులు నేర్పి వదిలేస్తే మాత్రం అంతా వృథా. నేర్పినవారే రెండు మూడు నెలలపాటు నెలకోసారి ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లి ఆ గోడ ముందు నిలబడాలి. దాతలు ఇక్కడ పెద్దమనసు చేసుకోవాలి. 2020 సవరణతో విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. సిబ్బంది శిక్షణకు డబ్బు అడిగితే దండగ ఖర్చన్నట్టు చూసే దాతలూ ఉన్నారు. కోటి రూపాయల పని నడిపే మనుషులకు నేర్పడానికి లక్ష కూడా ఇవ్వకపోవడం పొదుపు ఎలా అవుతుంది?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అన్నీ పట్టికలో ఒదగవు. ఒక ఊళ్లో అంటరానితనం ఎప్పటిలోగా పోవాలో గడువు రాయలేం. దెబ్బలు తిన్న ఆడమనిషి నోరు విప్పడానికి ఎన్ని వారాలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి పనిని గడుల్లో కూరితే, కార్యకర్త జనం దగ్గర కూర్చోవడం మానేసి నివేదికలు రాస్తూ కూర్చుంటాడు. ఈ పద్ధతి పని కోసం, పని దీనికోసం కాదు. మంచి శిక్షకుడు ఆ గీత ఎక్కడుందో మొదటి రోజే చూపిస్తాడు.

అమీర్‌పేటలో అమ్ముడుపోయేది

ఉద్యోగం వెతుక్కుంటున్నవారి సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూసినవారికి తెలుసు, అక్కడ దొరకని కోర్సు లేదు. పీఎంపీ, స్క్రమ్ మాస్టర్ కూడా దొరుకుతాయి. కానీ పీఎంపీ రాయాలంటే డిగ్రీ ఉన్నా మూడేళ్లు ప్రాజెక్టులు నడిపినట్టు చూపాలి. కొత్తవారి కోసం సీఏపీఎం అనే మెట్టు ఉంది. దానికి ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ చాలు. గూగుల్ సంస్థ 2021లో కోర్సెరా వేదికగా ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చింది. ఇవన్నీ మంచివే. పరీక్ష ఫీజు కట్టగలిగి, ఇంగ్లిష్‌లో ధారాళంగా చదవగలిగినవారికి.

సర్టిఫికెట్ వచ్చాక కూడా ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్న మారదు: మీరు ఏం నడిపారు? అక్కడ నోరు పెగలదు. ఆ భయంలోంచే దొంగ అనుభవ పత్రాల వ్యాపారం పుట్టింది. అమ్మానాన్నల చేత అప్పు చేయించి, ఎప్పుడూ చూడని కంపెనీలో రెండేళ్లు పనిచేసినట్టు కాగితం కొనుక్కునే పిల్లలున్నారు. తనిఖీలో దొరికితే ఉద్యోగం పోతుంది, ఆ రంగంలో పేరూ పోతుంది. వాళ్లను తిట్టడం తేలిక. నిజమైన అనుభవం సంపాదించే దారి మనం వాళ్లకు చూపించామా అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఆ దారి స్వచ్ఛంద సంస్థ గుమ్మంలోనే ఉంది. అక్కడ పని ఉంది, నడిపేవారు లేరు. ఇక్కడ నడపడానికి సిద్ధంగా ఉన్నవారున్నారు, పని లేదు. ఒకే తరగతిలో ఇద్దరినీ కూర్చోబెట్టవచ్చు. సంస్థ తన ప్రాజెక్టును తెస్తుంది. నిరుద్యోగి దాని పట్టిక గీస్తాడు, మూడు నెలలు వారవారం సమావేశం నడుపుతాడు, ఖర్చు లెక్క చూస్తాడు, చివరికి నివేదిక రాస్తాడు. వాడికి ప్రయాణ ఖర్చులు, చిన్న గౌరవ భృతి ఇవ్వాలి. ఉచితంగా వాడుకుంటే అదింకో దోపిడీ అవుతుంది. ఆ మూడు నెలల తర్వాత ఇంటర్వ్యూలో చెప్పడానికి నిజమైన మాటలుంటాయి: ఎంత సొమ్ము, ఎన్ని వారాలు, ఏది అడ్డుపడింది, దాన్ని ఎలా దాటించాను. అబద్ధం చెప్పే పని ఉండదు.

ఇందులో కుర్రకారు మాత్రమే కాదు. పిల్లల కోసం ఉద్యోగం మానేసి పదేళ్ల తర్వాత మళ్లీ అడుగుపెట్టాలనుకుంటున్న మహిళలున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల ఫోర్‌మన్లున్నారు. ఎడారిలో వందమంది కూలీలతో సైటు నడిపి, ఇక్కడికొచ్చాక ఏం రాసుకోవాలో తెలియక ఆటో కొనుక్కున్నవారు. ఉపాధి హామీ పనుల్లో మేట్లుగా చేసినవారున్నారు. కొలతలు, మస్టర్లు, సామాజిక తనిఖీలో ఊరందరి ముందు జవాబు చెప్పడం వీళ్లకు అలవాటే. ఇలాంటివారికి కొత్తగా పని నేర్పక్కర్లేదు. చేసిన పనిని వరుసగా చెప్పడం, కాగితం మీద పెట్టడం, కొన్ని లెక్కలు కంప్యూటర్‌లో చేయడం నేర్పాలి. తెలుగులో మొదలుపెట్టి, ఇంటర్వ్యూకు కావలసిన ఇంగ్లిష్ మాటలు చివర్లో జోడించవచ్చు.

నేర్పేవారికీ కరవు లేదు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ప్రాజెక్ట్ మేనేజర్లుగా ఉన్న తెలుగువారు ఎంతోమంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లో పెర్ల్ సిటీ పేరుతో శాఖ కూడా ఉంది. సొంతూరి బడికి బెంచీలు, కంప్యూటర్లు ఇచ్చే ప్రవాసులు, వారానికి రెండు గంటలు వీడియో కాల్‌లో ఒక సంస్థ పక్కన కూర్చుంటే అంతకన్నా విలువైనది ఇచ్చినవారవుతారు. అయితే సీఆర్పీ అక్కలలాగే వాళ్లు కూడా ముందు వినడం నేర్చుకోవాలి. కార్పొరేట్ టెంప్లేట్ తెచ్చి గ్రామైక్య సంఘం ముందు పరిస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ప్రభుత్వ స్థాయిలో కొత్త పథకం కూడా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 2020-21 పాఠ్య ప్రణాళికతో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అందులో భాగం. మంచి ఆలోచన. కాలేజీ శ్రద్ధ పెట్టిన చోట విద్యార్థి ఊరిని కొత్తగా చూస్తున్నాడు. శ్రద్ధ లేని చోట అది జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించుకునే నివేదికగా మిగులుతోంది. విద్యార్థిని సర్వేకు పంపే బదులు ఒక చిన్న పని అప్పగించండి: అంగన్‌వాడీ పిల్లల బరువుల రిజిస్టర్‌ను సరిచేయడం, సంఘం పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఊరి చెరువు కట్ట మీద నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్కతీసి ఎండినవాటి స్థానంలో కొత్తవి పెట్టించడం. మొదలు, ముగింపు, ఖర్చు, బాధ్యత ఉన్న పని. మార్కులు వేసేటప్పుడు లెక్చరర్ పక్కన గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు కూడా కూర్చోవాలి, పని అయిందో లేదో చెప్పాల్సింది ఆమే.

వేసవి సెలవుల్లో ఇది జరగాలంటే ఫిబ్రవరిలోనే కాలేజీ ప్రిన్సిపాల్ ఆ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్లాలి. ఊళ్లో ఏ పనులు ఆగి ఉన్నాయో అడిగి రాసుకుని రావాలి.